ఇంట్లోనే యూకేజీ: పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడం, రాసిపెట్టుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగున్నర నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు ఇంట్లోనే తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు నేర్పుతున్న తల్లిదండ్రుల కోసం ఈ పేజీ. ఎలా నేర్పాలన్నది ఇక్కడ చెప్పడం లేదు. నేర్పింది ఎంతవరకు ఎక్కిందో ఎలా చూడాలి, ఎక్కడ రాయాలి, రాసినదాన్ని బట్టి ఏం మార్చుకోవాలి అన్నదే విషయం.

ఈ వయసులో రికార్డు ఎందుకు? ఎవరూ అడగరు కదా?

అడగరు. విద్యాహక్కు చట్టం (2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది) వర్తించేది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. ఆరేళ్ళ లోపు పిల్లల్ని బడికి పంపాలన్న నిర్బంధం లేదు, ఏ ఆఫీసుకూ లెక్క చెప్పనక్కర్లేదు. కాబట్టి ఈ రికార్డు మీ కోసమే. దాని మొదటి పని వచ్చేవారం ఏం చేయించాలో చెప్పడం. రాసుకోకపోతే మనకు గుర్తుండేది నిన్నటి గొడవా, మొన్నటి మెరుపూ మాత్రమే. పిల్ల నెల నుంచి 'మ'ను 'య' అంటోందా, ఇవాళే అందా అన్నది కాగితం మీద లేకపోతే చెప్పలేం.

ఇంకో రెండు ఉపయోగాలున్నాయి. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు టీచర్‌తో మాట్లాడటానికి చేతిలో ఆధారం ఉంటుంది. మాటలోనో చూపులోనో ఏదైనా అనుమానం వస్తే డాక్టరు మొదట అడిగేది "ఎప్పటినుంచి?" అని. దానికి తేదీతో జవాబు చెప్పగలుగుతారు.

ఏమేం కొనాలి?

పెద్దగా ఏమీ అక్కర్లేదు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, 40 కవర్లున్న ఏ4 క్లియర్ ఫైలు ఒకటి, ఫోను. పిల్లలు చేసిన మట్టిబొమ్మలు, దారానికి గుచ్చిన పూసల్లాంటివి పెట్టడానికి ఒక చెప్పుల డబ్బా.

నోట్‌బుక్‌లో వారానికి ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో ఆ వారం చేద్దామనుకున్నవి ఐదారు లైన్లలో. కుడి పేజీలో నిజంగా చూసినవి. ఈ రెండూ కలిసిపోతేనే చిక్కు. ప్లాన్‌లో 'ఆ గుణింతం' అని రాసుకుని, వారం చివర దానికే టిక్ పెట్టి, వచ్చేసిందనుకుంటాం. మనం చెప్పడం వేరు, వాళ్ళకు రావడం వేరు.

చివరి పది పేజీలు పట్టికలకు వదలండి: తెలుగు అక్షరాలు, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, ఆటలు–ఒంటి పనులు.

యాప్‌లో రాసుకుంటే తప్పేమీ లేదు. కానీ పిల్ల ఎదురుగా ఫోను తీస్తే ఆమె చూపు ఫోను మీదికి పోతుంది. నోట్‌బుక్కుతో ఆ బాధ లేదు.

టిక్ పెడితే చాలదా?

చాలదు. టిక్ చూస్తే పిల్ల సొంతంగా చేసిందో, మీరు పెదవి కదిపితే చేసిందో తెలియదు. మూడు గుర్తులు పెట్టుకోండి:

- చూ – పక్కన ఉన్నదాన్ని చూసి, లేదా మీరు చేస్తుంటే చూసి చేసింది.
- సా – మీ సాయంతో చేసింది. మొదటి శబ్దం అందించడం, చెయ్యి పట్టడం, "బాగా ఆలోచించు" అనడం, తప్పు దగ్గర కనుబొమ్మ ఎగరేయడం, అన్నీ సాయమే.
- స్వ – ఏ సూచనా లేకుండా స్వయంగా చేసింది.

ప్రతి గుర్తు పక్కన తేదీ ఉండాలి. ఒక అంశం "వచ్చింది" అనాలంటే మూడు వేర్వేరు రోజుల్లో, కనీసం రెండు వేర్వేరు చోట్ల 'స్వ' పడాలి. పుస్తకంలో 'ప'ను గుర్తుపట్టిన పిల్ల దాన్ని బస్సు మీదా, పాల ప్యాకెట్ మీదా కూడా గుర్తుపడితే అప్పుడు వచ్చినట్టు. ఒకేరోజు మూడుసార్లు అడిగి మూడు గుర్తులు పెట్టేస్తే లెక్కలోకి రాదు. పది నిమిషాల కింద విన్నది ఎవరైనా చెబుతారు.

ఏ స్థాయితో పోల్చి చూడాలి?

పక్కింటి యూకేజీ పుస్తకంతో వద్దు. ప్రైవేటు బడుల సిలబస్‌లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. రెండు కొలబద్దలు చాలు.

మొదటిది చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిపడాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు. ఒకటో తరగతికి ముందు ఏడాది, అంటే బాలవాటిక ముగిసేసరికి అందులో ఆశించేవి ఇంతే: అక్షరాలనూ వాటి శబ్దాలనూ గుర్తించడం, రెండు మూడు అక్షరాల తేలిక మాటలు చదవడం, 10 వరకు అంకెలు గుర్తించి చదవడం, వస్తువులనో ఆకారాలనో జరిగిన సంగతులనో వరుసలో పెట్టడం. 99 వరకు చదవడం, రాయడం, చిన్న కూడికలు, తీసివేతలు ఒకటో తరగతి చివరి లక్ష్యాలు. యూకేజీలోనే వందదాకా రాయించేవాళ్ళను చూసి కంగారుపడేవారు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం బెంగ తీరుతుంది.

రెండోది మాట, నడవడిక, ఒంటి కదలికలకు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఐదేళ్ళ పిల్లలకు ఇచ్చే జాబితా చాలా పొందికగా ఉంటుంది: కనీసం రెండు సంఘటనలున్న కథ చెప్పడం, విన్న కథ మీద తేలిక ప్రశ్నలకు జవాబివ్వడం, మూడు కన్నా ఎక్కువసార్లు మాటకు మాట అందుకుంటూ సంభాషణ సాగించడం, 10 వరకు లెక్కపెట్టడం, తన పేరులో కొన్ని అక్షరాలు రాయడం, 5 నుంచి 10 నిమిషాలు ఒక పని మీద మనసు పెట్టడం (టీవీ, ఫోను ముందు కూర్చునే సమయం లెక్కలోకి రాదు), కొన్ని బొత్తాలు పెట్టుకోవడం, ఒంటికాలి మీద గెంతడం, ఆటల్లో వంతు పాటించడం. భాషతో నిమిత్తం లేని అంశాలే ఎక్కువ కాబట్టి మన పిల్లలకూ పనికొస్తుంది.

తెలుగు అక్షరాలు వచ్చాయో లేదో ఎలా చూడాలి? అడిగితే అ నుంచి ఱ దాకా గడగడా చెప్పేస్తుంది.

వరుసలో చెప్పడం పాట. అది వచ్చినా సంతోషమే, కానీ పట్టికలో గుర్తు పెట్టడానికి పనికిరాదు. వరుస చెదరగొట్టి చూడాలి.

పోస్టుకార్డు సగం సైజు అట్టముక్కల మీద ఒక్కో అక్షరం రాయండి. బొమ్మ వేయకండి. 'ఉ' పక్కన ఉడుత ఉంటే పిల్ల ఉడుతను చదువుతుంది. ఒకసారికి ఐదు కార్డులే, అందులో రెండు బాగా వచ్చినవి, రెండు సగం వచ్చినవి, ఒకటి కొత్తది. ఊళ్ళల్లో పిల్లల చదువు సర్వేకు వాడే అసర్ పరీక్షలో ఐదు అక్షరాల్లో నాలుగు సరిగ్గా చెబితే అక్షర స్థాయిలో ఉన్నట్టు లెక్క. ఇంట్లో కూడా అదే కొలత సరిపోతుంది. ఐదుకు ఐదు రావాలని పట్టుబట్టొద్దు.

పట్టికలో ఒక్కో అక్షరానికి రెండు గళ్ళు పెట్టండి. చూపిస్తే పేరు చెప్పడం ఒకటి, పేరు చెబితే నాలుగు కార్డుల్లోంచి ఏరడం రెండోది. రెండోది ముందు వస్తుంది. మొదటి గడి ఖాళీగా ఉన్నంతమాత్రాన ఏమీ రాలేదని కాదు.

తప్పు చెప్పినప్పుడు ఇంటూ పెట్టి ఊరుకోకండి, ఏమని చెప్పిందో రాయండి. అసలు సమాచారమంతా అక్కడే ఉంది. 'మ'ను 'య' అందంటే ఆకారంలో పొరపాటు. న–స, ప–వ–ష, ద–ధ–థ కూడా ఇలాంటివే. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట వేలితో దిద్దిస్తే కుదురుకుంటుంది. 'బ'ను 'భ' అందంటే చాలాసార్లు వినికిడిలోనే తేడా పట్టలేదన్నమాట. మన మాటల్లో ఒత్తు పలికేవాళ్ళెంతమందని! అలాంటివి ఈ ఏడాదికి పక్కన పెట్టవచ్చు. 'మ' చూపిస్తే 'ర' అందంటే మాత్రం ఊహించి చెబుతోందని అర్థం. ఆ పూట ఆపేయండి.

మొత్తం 56 అక్షరాల పట్టిక పెట్టుకోవద్దు. ఌ, ఙ, ఞ లాంటివి కలిపితే పట్టిక ఎన్నటికీ నిండదు, చూసిన కొద్దీ మీకే నీరసం వస్తుంది. అచ్చుల్లో అ నుంచి ఔ వరకు వాడుకలో ఉన్న పన్నెండూ, హల్లుల్లో ఒత్తక్షరాలు కానివి ఇరవై చిల్లర, ఇవి ఉంటే చాలు.

అక్షరాలు వచ్చాయి, మాటలు చదవడం లేదు. ఏం రాయాలి?

అక్షరాలు విడివిడిగా పలికి వాటిని కలపడం వేరే నైపుణ్యం. దానికి వేరే గడి పెట్టండి. ముందు చెవికి వచ్చిందో లేదో చూడాలి. మీరు "ప… ల… క…" అని ఆగి ఆగి అంటే పిల్ల "పలక" అనగలదా? చప్పట్లతో మాటను ముక్కలు చేయగలదా? ఈ రెండూ 'స్వ' కాకుండా పుస్తకం చేతికిస్తే, "ప, ల, క" అని చదివి "గోడ" అని చెప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

చదివించి చూడాల్సిన మాటల వరుస ఇలా ఉంటే తప్పు ఎక్కడుందో సులువుగా తెలుస్తుంది. మొదట గుణింతం అక్కర్లేనివి: అల, వల, జడ, ఈత, ఆట, పలక, పడవ, గడప, ఊయల. తర్వాత దీర్ఘం ఒక్కటే ఉన్నవి: తాత, మామ, పాప, జామ, బావ. ఆపైన గుడి: బడి, గది, కాకి, పిలక. అటుపైన కొమ్ము: పులి, గురువు, చదువు. (పు, వు దగ్గర కొమ్ము పెట్టే చోటు మారుతుంది కాబట్టి 'కు' చదివిన పిల్ల 'పు' దగ్గర ఆగడం మామూలే. దాన్ని తప్పుగా కాక కొత్త అక్షరంగా రాయండి.) ఎత్వం, ఒత్వం, ఒత్తులు ఈ ఏడాది వస్తే వచ్చినట్టు. రాకపోతే వెనకబడినట్టు కాదు. ఒత్తులు కుదురుకునేది రెండో తరగతిలోనో మూడులోనో.

బాగా జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. ఒకే వాచకాన్ని పదిసార్లు చదివించాక పిల్ల చదువుతోందా, వల్లెవేస్తోందా అన్నది మీకు తెలియదు. నెలకోసారి ఎప్పుడూ చూడని పేజీ ఇవ్వండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయి కథల్లోంచి ఒక వాక్యం చాలు.

ఇంగ్లిష్‌కు కూడా ఇదే పద్ధతా?

పద్ధతి అదే, తప్పులు వేరు. మన హల్లులో 'అ' దాగి ఉంటుంది. అందుకని తెలుగు ముందు నేర్చిన పిల్ల సి, ఏ, టీ అక్షరాల శబ్దాలు కలిపేటప్పుడు ప్రతి శబ్దానికీ 'అ' తగిలించి "క–యా–ట" అంటుంది. క్యాట్ రాదు. ఇది ఇంగ్లిష్ రాకపోవడం కాదు, తెలుగు వచ్చినందుకు పడే అడ్డు. నోట్‌బుక్‌లో "చివరి శబ్దానికి అ చేరుస్తోంది" అని రాసి, పొల్లు శబ్దాలు వినిపించే ఆటలు ఆడించండి. "బుక్కు", "కప్పు" అన్నా దిద్దనక్కర్లేదు, ఇంట్లో అందరం అలాగే అంటాం.

చిన్న బి, చిన్న డి తారుమారు కావడం, ఎస్ తిరగేసి రాయడం ఏడేళ్ళ దాకా చూస్తూనే ఉంటాం. తేదీ వేసి ఉంచండి, చాలు. అక్షరం పేరు, అక్షరం శబ్దం, ఈ రెంటికీ వేర్వేరు గళ్ళు పెట్టుకోవాలి.

లెక్కల్లో ఏం చూడాలి? వందదాకా చెబుతాడు.

వందదాకా చెప్పే పిల్లాడిని "నాకు ఏడు చింతపిక్కలు ఇవ్వరా" అని అడిగి చూడండి. గుప్పెడు తీసి చేతిలో పోస్తే, సంఖ్య అంటే ఏమిటో ఇంకా తెలియలేదన్నమాట. ఈ వయసులో లెక్కలకు ఇంతకు మించిన పరీక్ష లేదు. 3తో మొదలుపెట్టి, 5, 7, 10, 12. ఏ సంఖ్య దాకా సరిగ్గా ఇచ్చాడో తేదీతో రాయండి.

మిగతావి ఈ వరుసలో చూడండి.

పరిచిన వస్తువులను లెక్కపెట్టేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో సంఖ్యే చెబుతున్నాడా, వేలు ముందుకీ నోరు వెనక్కీ పోతోందా? వరుసగా పరిచినప్పుడు సరిగ్గా చెప్పి, కుప్పగా పోస్తే తప్పితే, లెక్కపెట్టినవాటిని పక్కకు జరపడం ఇంకా రాలేదని.

లెక్కపెట్టడం అయ్యాక "మొత్తం ఎన్ని?" అనండి. వెంటనే చివరి సంఖ్య చెబితే సరే. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివర చెప్పిన సంఖ్యే మొత్తం అన్న సంగతి అందలేదు. ఈ దశలో కూడికలు మొదలుపెట్టడం వృథా. వేళ్ళు లెక్కపెట్టి జవాబు చెబుతాడు కానీ ఏం చేశాడో తెలియదు.

చూడగానే లెక్కపెట్టకుండా చెప్పగలిగేవి ఎన్ని? గవ్వలు ఇందుకు భలే పనికొస్తాయి. అష్టాచమ్మాలో నాలుగు గవ్వలు వేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూడగానే చెప్పడం, పడినన్ని గళ్ళు కాయ జరపడం, రెండూ పరీక్షలే. ఆడుతుంటే పరీక్షలా ఉండదు. ఉన్న గడిని కూడా కలిపి లెక్కపెడుతున్నాడా అన్నది గమనించి రాయండి, చాలామంది పిల్లలు అక్కడే తప్పుతారు.

తప్పుల్లో కొన్ని ఎదుగుదలకే గుర్తులు. ఇరవై తొమ్మిది తర్వాత "ఇరవై పది" అన్నాడంటే వరుస సూత్రం పట్టాడన్నమాట. "ఇరవై ఒకటి" రాయమంటే 201 రాస్తే విన్నది విన్నట్టు రాశాడు, ఇరవై పక్కన ఒకటి. స్థానాల సంగతి ఒకటో తరగతి పని. పదిహేను, పదహారు, పదిహేడు దగ్గర తడుముకోవడం కూడా సహజమే. 3, 7 తిరగేసి రాయడమూ అంతే.

ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ తేడా వినపడక తప్పు చెప్పే పిల్లలను అదే ప్రశ్న తెలుగులో అడగండి. "పదమూడు", "ముప్పై" వినడానికి ఎంతో దూరంగా ఉంటాయి కాబట్టి జవాబు సరిగ్గా వస్తే సమస్య మాటది, లెక్కది కాదు. ఏ భాషలో అడిగారో కూడా నోట్‌బుక్‌లో ఉండాలని చెప్పేది ఇందుకే.

రాత ఎలా కొలవాలి?

నెలకోసారి ఒకేరకం కాగితం మీద మూడు పనులు చేయించండి: తన పేరు చూడకుండా రాయడం, ఒక మనిషి బొమ్మ గీయడం, వచ్చిన అక్షరాల్లో ఇష్టమైనవి రాయడం. అదే ఆ నెల నమూనా. వెనక తేదీ, ఎంతసేపు పట్టింది, చూ/సా/స్వ. జూన్ కాగితం, నవంబర్ కాగితం పక్కపక్కన పెడితే వేరే వివరణ అవసరం ఉండదు. నమూనా కాగితాన్ని దిద్దకండి, ఎర్రపెన్ను అసలే వద్దు.

కాపీ రాత పుస్తకాలు ఎన్ని నిండినా వాటిలో తెలిసేది చేతి పనితనమే. అక్షరం తెలియకుండానే అందంగా కాపీ చేసే పిల్లలుంటారు. వాటిలోంచి నెలకొక్క పేజీ దాచితే ఎక్కువ.

రాసింది చూడటం కన్నా రాస్తుండగా చూడటం ముఖ్యం. అక్షరం ఎక్కడ మొదలుపెడుతోంది, తలకట్టు ముందు పెడుతోందా, వేళ్ళు తెల్లబడేలా నొక్కుతోందా, రెండు లైన్లకే చెయ్యి నొప్పంటోందా? ఇవి కాగితం మీద కనపడవు. పలక మీద రాస్తే తుడిచేలోపు ఫోటో తీయండి.

కాగితం మీదికి రానివాటి సంగతి?

మాట, ఆట, సొంత పనులు, తోటిపిల్లలతో మెలగడం – నిజానికి ఈ వయసు చదువులో సగం ఇవే. వీటికి చిన్న నోట్సే దారి. నోట్సులో చూసింది రాయాలి, మన తీర్పు కాదు.

పనికిరాని నోటు: "ఇవాళ లెక్కలు చాలా బాగా చేసింది."

పనికొచ్చే నోటు: "జూలై 14. తొమ్మిది చింతపిక్కలు ఒక్కొక్కటీ జరుపుతూ లెక్కపెట్టింది. 'ఎన్ని?' అంటే 'తొమ్మిది' అంది. పన్నెండు ఇస్తే పది తర్వాత ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెట్టింది. స్వ. తెలుగులో."

మాట కోసం నెలకొక ఆడియో చాలు. విన్న కథను తిరిగి చెప్పమని ఒకటి రెండు నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత విని మూడు సంగతులు రాయండి: ఎన్ని సంఘటనలు చెప్పింది, "తర్వాత, అందుకని, కానీ" లాంటి మాటలు వాడిందా, కొత్త మనిషికి అర్థమయ్యేలా ఉందా. ఫైలు పేరు "2025-07-కథ" అన్నట్టు ఏడాది, నెలతో మొదలైతే వరుస తప్పదు. ఫోను పోతే అంతా పోతుంది కాబట్టి మూడు నెలలకోసారి ఇంకోచోట కాపీ పెట్టండి. వీటిని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకపోవడం మంచిది. పిల్లలు రెండోసారి నుంచి గ్రూపు కోసం నటిస్తారు.

ఎంత తరచుగా రాయాలి? నాకు ఇంకో చంటిబిడ్డ కూడా ఉంది.

రోజూ రెండు లైన్లు, అదీ కుదిరితే. వారానికోసారి పదిహేను నిమిషాలు కూర్చుని పట్టికలు నింపడం, నెలకోసారి నమూనా, ఆడియో. ఇంతకన్నా ఎక్కువ పెట్టుకున్నవారు మూడో వారానికి మానేస్తారు. ఏదో ఒకటే చేయగలమంటే నెల నమూనా చేయండి. రెండు నెలలు ఖాళీ పోతే జ్ఞాపకంతో పూరించొద్దు, ఖాళీగానే వదిలి ఇవాళ్టి తేదీతో మొదలుపెట్టండి.

అడుగుతున్నానని తెలియగానే నోరు మెదపడు, లేదా కావాలనే తప్పు చెబుతాడు.

పరీక్ష వాసన తగిలింది. జవాబు మీకు తెలుసని వాడికీ తెలుసు, మరి ఎందుకడుగుతున్నట్టు? ప్రశ్న నిజంగా అవసరమయ్యేలా మార్చండి. "ఇది ఏ అక్షరం?" బదులు "సరుకుల చీటీలో పప్పు ఎక్కడుందో చూడు, నా చేతులు తడిగా ఉన్నాయి." "ఇవెన్ని?" బదులు "ఐదుగురం తింటున్నాం, కంచాలు పెట్టు." మీరు తప్పు చెప్పి వాడిని దిద్దనివ్వడం ఇంకా బాగా పనిచేస్తుంది. 'పులి' అని ఉన్నచోట "పిల్లి" అని చదవండి, తెలిసుంటే ఊరుకోడు.

సమయం చూసుకోండి. ఆకలి, నిద్ర వేళల్లో చేసిన పరిశీలన లెక్క కాదు. ఐదు నిమిషాలు దాటించొద్దు.

నిరుడు వచ్చినవి ఇప్పుడు రావడం లేదు. వెనక్కి పోతోందా?

పండక్కి ఊరెళ్ళి మూడు వారాలు పుస్తకం ముట్టకపోతే కొన్ని అక్షరాలు జారిపోతాయి. వారం పదిరోజుల్లో తిరిగి వస్తే అది మరుపే. గుణింతాలు మొదలుపెట్టగానే విడి అక్షరాలు తప్పడం కూడా మామూలే, కొత్త గుర్తులు పాతవాటిని కాసేపు కెలుకుతాయి. పట్టికలో పాత 'స్వ' కొట్టేయకుండా దాని పక్కన కొత్త తేదీతో 'సా' రాయండి.

ఒకే అంశం నాలుగు వారాలు 'సా' దగ్గరే ఉంటే ఇంకోసారి అదే నేర్పకండి, దాని కింది మెట్టు చూడండి. మాటలు చదవలేకపోతే చెవితో కలపడం, కూడిక రాకపోతే "ఏడు ఇవ్వు", పెన్సిల్ పట్టు కుదరకపోతే మట్టి పిసకడం, బఠాణీలు ఒలవడం, కత్తెరతో కాగితం కత్తిరించడం.

ఎప్పుడు డాక్టరును కలవాలి?

వచ్చిన మాటలో, నడకలో, చేతిపనిలో స్పష్టంగా పోగొట్టుకోవడం కనిపిస్తే ఆగకుండా వెళ్ళండి. అక్షరాలు మరవడం ఈ కోవలోకి రాదు. ఐదేళ్ళు నిండినా బయటివారికి మాట అర్థం కాకపోవడం, "చెప్పులు తీసి, నీళ్ళు తీసుకురా" లాంటి రెండు పనుల మాట పట్టుకోలేకపోవడం, ఎప్పుడూ "ఆఁ?" అనడం, టీవీకి ముక్కు ఆనించి చూడటం, తోటిపిల్లల వైపు చూడనే చూడకపోవడం కూడా చూపించాల్సినవే. ముందు చెవి, కన్ను పరీక్ష చేయించండి. చదువు రాలేదనుకున్నవాటిలో కొన్ని అక్కడే తేలిపోతాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఉచిత పరీక్షలున్నాయి. బడికి వెళ్ళని చిన్నపిల్లలను అంగన్‌వాడీల్లో చూస్తారు కాబట్టి మీ అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి. పై పరీక్షలకు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ఎదుగుదల, మానసిక వికాసం విషయంలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. డిస్లెక్సియా లాంటివి ఐదేళ్ళకు ఖాయం చేయరు, సాధారణంగా ఎనిమిదేళ్ళ తర్వాతే ధ్రువీకరిస్తారు. ఐదేళ్ళ పిల్లకు ఎవరైనా ఆ ముద్ర వేస్తే రెండో అభిప్రాయం తీసుకోండి.

అత్తగారు "పక్కింటి పిల్లాడు ఎక్కాలు చెబుతున్నాడు" అంటున్నారు.

వాదన కన్నా ఫైలు చూపించడం మేలు. ఇంకా మంచిది ఆవిడకే ఒక పని అప్పగించడం. కథ చెప్పించుకుని రికార్డు చేసే బాధ్యత నాయనమ్మకో తాతయ్యకో ఇస్తే, పిల్ల మీకు చెప్పనివి వాళ్ళకు చెబుతుంది. కాకపోతే వాళ్ళు నోరు కదిపి అందించేస్తారు. 'సా' అంటే ఏమిటో ముందే చెప్పాలి.

ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఈ ఫైలు చూపించాలా?

చూపించాలన్న నియమం లేదు. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశానికి పిల్లలనుగానీ తల్లిదండ్రులనుగానీ వడపోసే పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా ఉంది. "ఇంటరాక్షన్" పేరుతో జరుగుతూనే ఉంటాయన్నది వేరే సంగతి. యూకేజీ చదివిన కాగితం లేదని ఒకటో తరగతి సీటు నిరాకరించడానికి చట్టంలో ఆధారం లేదు. పుట్టినతేదీ పత్రం సిద్ధంగా ఉంచుకోండి. జాతీయ విద్యా విధానం 2020 ఒకటో తరగతికి ఆరేళ్ళు అంటోంది. మీరు చేర్చబోయే బడి ఏ తేదీకి వయసు లెక్కిస్తుందో ముందే కనుక్కోండి.

టీచర్‌కు ఫైలంతా ఇస్తే చదవరు. ఒక్క పేజీ రాయండి: ఏ అక్షరాలు, ఏ మాటలు, ఎంతవరకు లెక్క, ఎంతసేపు కూర్చోగలదు, దేనికి భయపడుతుంది, టాయిలెట్‌కు సొంతంగా వెళ్తుందా. చివరి మూడూ టీచర్‌కు మొదటి వారంలోనే పనికొస్తాయి.

మేం అమెరికాలో ఉంటాం. ఇదే చాలా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో రికార్డు ఎవరికీ సమర్పించనక్కర్లేదు. న్యూయార్క్‌లో నిర్బంధ వయసు వచ్చాక ఏడాది ప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో పోర్ట్‌ఫోలియో పెట్టి, అర్హత ఉన్నవారితో చూపించుకోవాలి. నిర్బంధ వయసు కొన్నిచోట్ల ఐదేళ్ళకే మొదలవుతుంది. అక్కడ నోట్సు ఇంగ్లిష్‌లో ఉంచి, తెలుగు పట్టిక విడిగా పెట్టుకోవడం సులువు. జర్మనీలో మాత్రం ఇంటి చదువుకు సాధారణంగా అనుమతి ఉండదు.

ఏడాది చివర ఏం ఉంచాలి, ఏం పారేయాలి?

నెల నమూనాలన్నీ, ఆడియోలన్నీ, నోట్‌బుక్కు ఉంచండి. కాపీ రాతలు, వర్క్‌షీట్లలోంచి మొదట్లోది, మధ్యలోది, చివరిది, మూడు చాలు. మట్టిబొమ్మలకు ఫోటో తీసి డబ్బా ఖాళీ చేయండి. ఏది ఉంచాలో పిల్లనే ఐదు ఏరమనండి, ఎందుకో అడిగి ఆ కారణం వెనక రాయండి. మిగిలినవి పాత పేపర్లతో పాటు వేసేయొచ్చు, పిల్ల ఇంట్లో లేనప్పుడు.